122 మీటలు, 4 వైర్లు

మన టేబుళ్ల మీద మామూలుగా కనిపించే పెద్ద కీబోర్డుకు 104 మీటలుంటాయి. 1980ల నడుమ ఐబీఎం తన 3270 శ్రేణి టెర్మినళ్లకు ఇచ్చిన కీబోర్డుకు 122 ఉండేవి. పైన రెండు వరసల్లో 24 ఫంక్షన్ మీటలు, ఎడమ పక్కన విడిగా మరో 10. ఇందులో ‘మోడల్ ఎఫ్’ రకం బరువు 4 కిలోల దగ్గరుంటుంది. సేకరించేవాళ్లు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు ‘బ్యాటిల్‌షిప్’, అంటే యుద్ధనౌక. ఇంత సరంజామా నుంచి కంప్యూటర్‌కు వెళ్లే సంగతి మొత్తం 4 వైర్లలో సరిపోతుంది. కరెంటుకు ఒకటి, ఎర్త్‌కు ఒకటి, లయ చూపే క్లాక్‌కు ఒకటి, డేటాకు ఒకటి. నలభై ఏళ్ల నాటి ఈ వస్తువును ఇవాళ్టి లాప్‌టాప్‌కు తగిలించడం సాధ్యమవుతున్నది ఆ నాలుగు వైర్ల పుణ్యానే.

అసలు 24 ఫంక్షన్ మీటలు ఎందుకు? 1971లో మొదలైన 3270 శ్రేణిలో టెర్మినల్ అంటే తెర, కీబోర్డు మాత్రమే. లెక్కలు చేసే యంత్రం, అంటే మెయిన్‌ఫ్రేమ్, వేరే గదిలో ఉండేది. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1920. కొట్టిన అక్షరాలన్నీ తెర దగ్గరే ఆగిపోయేవి. ఎంటర్ కొట్టినప్పుడో, పీఎఫ్ అనే ఫంక్షన్ మీటలు, పీఏ మీటలు నొక్కినప్పుడో మాత్రమే మెయిన్‌ఫ్రేమ్‌కు కబురు వెళ్లేది. వందలమంది ఒకే యంత్రం మీద పనిచేసే రోజుల్లో ప్రతి అక్షరానికీ దాన్ని లేపకుండా చేసిన ఏర్పాటిది. అందుకే ‘ఇది చెయ్యి’ అని నేరుగా చెప్పే మీటలు ఎక్కువ కావలసివచ్చాయి: పీఎఫ్ 24, పీఏ 3. హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ లాంటి మెయిన్‌ఫ్రేమ్ భాషలు నేర్చుకుని వెళ్లినవాళ్ల వేళ్లకు పీఎఫ్3 అంటే బయటికి, పీఎఫ్7 అంటే పైకి, పీఎఫ్8 అంటే కిందికి అని ఇప్పటికీ గుర్తుంటుంది. వాళ్లలో చాలామంది పీసీలో టెర్మినల్‌ను అనుకరించే ఎమ్యులేటర్ మీద నేర్చుకున్నవాళ్లే. పీఎఫ్13 కావాలంటే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్1 నొక్కడమే వాళ్లకు తెలిసిన దారి. దానికి విడిగా మీట ఉన్న కీబోర్డును కళ్లజూసినవాళ్లు తక్కువే అయ్యుంటారు. ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్లి, 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. సేకర్తలు ఎగబడే కీబోర్డుల్లో ఎక్కువ భాగం తయారైంది సరిగ్గా ఆ 14 ఏళ్లలోనే. కాబట్టి హైదరాబాద్ తుక్కు దుకాణంలో ఇలాంటిది దొరికితే అదృష్టమనుకోవాలి.

ఎగబడటం దేనికంటే, మీట కింద ఉన్న స్ప్రింగు కోసం. ఐబీఎం ఇంజినీరు రిచర్డ్ హ్యారిస్‌కు 1978లో 4,118,611 నంబరు పేటెంటు వచ్చింది. మీట నొక్కుతుంటే స్ప్రింగు కొంతవరకు కుదించుకుని, ఒక్కసారిగా పక్కకు వంగుతుంది. ఆ క్షణంలోనే ‘టక్’మని శబ్దం, అప్పుడే కంప్యూటర్‌కు సంకేతం. చెవికి, వేలికి, యంత్రానికి కబురు ఒకేసారి అందుతుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే చెర్రీ రెడ్ స్విచ్ 45 గ్రాముల బలానికే పలుకుతుంది. ఈ స్ప్రింగుకు 60 గ్రాములు దాటాలి. మోడల్ ఎఫ్‌లో స్ప్రింగు కింద లోహాలు తాకే పనే లేదు. అడుగున ఉన్న రేకు కదిలినప్పుడు కెపాసిటెన్స్‌లో వచ్చే తేడాను సర్క్యూట్ పట్టుకుంటుంది. 1985లో వచ్చిన మోడల్ ఎం ఖర్చు తగ్గించుకోవడానికి అదే స్ప్రింగు కింద ప్లాస్టిక్ పొరలు పెట్టింది. నా ఓటు ఎఫ్‌కే. కానీ మొదటిసారి కొనేవాళ్లకు ఎం చాలు, దొరకడమూ తేలికే.

రెంటికీ వయసు రోగాలున్నాయి. ఎఫ్ లోపలి పల్చటి ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. కొత్తది కోసి వేసుకోవాలి. ఎం వెనక ప్లాస్టిక్ రివెట్లు ఒకటొకటే ఊడతాయి. వాటి చోట చిన్న బోల్టులు బిగిస్తారు. ఒక శనివారం మొత్తం పట్టే పని, అంతకుమించి బ్రహ్మవిద్య కాదు. ఐబీఎం 4704 బ్యాంకు టెర్మినళ్ల చిన్న కీబోర్డులు, ముఖ్యంగా 62, 77 మీటలవి, అన్నిటికంటే గిరాకీ ఉన్న సరుకు. ఆ గిరాకీ చూసే వాటిని ఇప్పుడు కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు కూడా.

ఇక తగిలించే సంగతి. కీబోర్డుకు అక్షరాలు తెలియవు. ఫలానా చోట మీట కదిలిందని ఒక అంకె పంపుతుంది, అంతే. ఇంగ్లిషు ‘కె’ మీటనే తీసుకోండి. 1981 నాటి ఐబీఎం పీసీ కీబోర్డు దాన్ని నొక్కితే 37 పంపుతుంది, వదిలితే 165. అంటే 37కు 128 కలిపి. 1984 నాటి ఏటీ కీబోర్డు నొక్కితే 66, వదిలితే 240, ఆ వెంటే 66. ఇవాళ్టి యూఎస్‌బీ భాషలో అదే మీట 14. పాత కీబోర్డును కొత్త కంప్యూటర్‌కు అలవాటు చేయడమంటే మధ్యలో కూర్చుని 66 విన్నప్పుడల్లా 14 అని చెప్పే దుబాసీని పెట్టడం.

ఆ దుబాసీ, అంటే కన్వర్టర్, వేలెడంత సర్క్యూట్ బోర్డు. ఎక్కువమంది వాడేది ఏటీమెగా32యూ4 చిప్. వేగం 16 మెగాహెర్ట్జ్, ప్రోగ్రామ్‌కు చోటు 32 కిలోబైట్లు. ఇది ధారాళంగా సరిపోతుంది. ఎందుకంటే కీబోర్డు ఒక అంకె పంపడానికి 11 బిట్లు వాడుతుంది: మొదలుకు 1, అంకెకు 8, తప్పులు పట్టే పారిటీకి 1, ముగింపుకు 1. క్లాక్ సెకనుకు 10 వేల నుంచి 16,700 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఒక్కో అంకెకు పట్టేది ఒక మిల్లీసెకను అటూఇటూ. సోరర్, టీఎంకే, క్యూఎంకే అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో కూడా ఈ పని చేస్తుంది. అయితే అది 3.3 వోల్టుల మనిషి, కీబోర్డు 5 వోల్టులది. నడుమ లెవెల్ షిఫ్టర్ పెట్టకపోతే పికో పాడవవచ్చు.

టెర్మినల్ కీబోర్డులో ఇంకో మెలిక ఉంది. పీసీ కీబోర్డు మీట నొక్కినా చెబుతుంది, వదిలినా చెబుతుంది. టెర్మినల్ కీబోర్డు అక్షరం మీటను వదిలినప్పుడు ఏమీ చెప్పదు. దాని యజమాని తెరకు ఆ కబురు అక్కర్లేదు మరి. కంప్యూటర్ మాత్రం మీట ఇంకా నొక్కే ఉందనుకుని అదే అక్షరాన్ని తెర నిండా పరుస్తుంది. మందు ఒక్క అంకె. కన్వర్టర్ నుంచి కీబోర్డుకు 248 పంపితే, ‘ఇకమీద అన్ని మీటల రాకపోకలూ చెప్పు’ అని అర్థం. అది 250 అని బదులిస్తుంది. విన్నానని చెప్పడం అన్నమాట. అక్కడి నుంచి అన్నీ సవ్యంగా నడుస్తాయి.

మరి ఆ 24 ఫంక్షన్ మీటల గతి? ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. యూఎస్‌బీ ప్రమాణం రాసినవాళ్లు ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా 104 నుంచి 115 వరకు అంకెలు కేటాయించి పెట్టారు. విండోస్ కూడా వాటిని గుర్తిస్తుంది. మామూలు కీబోర్డుల మీద ఆ మీటలు లేవు కాబట్టి సాఫ్ట్‌వేర్లు వాటిని వాడుకోవడం అరుదు. అంటే పన్నెండు మీటలు మీ సొంతం. కాపీ, పేస్ట్, శబ్దం తగ్గించడం, తెలుగుకూ ఇంగ్లిషుకూ మారడం, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. విండోస్ మీట మాత్రం పాత కీబోర్డు మీద ఉండదు. ఎడమ పక్క పది మీటల్లో ఒకదానికి ఆ బాధ్యత అప్పగించాలి.

తెలుగు కొట్టడానికి ఇబ్బందేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక పెట్టుకున్న కంప్యూటర్‌కు కన్వర్టర్ నుంచి 14 అందితే తెర మీద పడేది ‘క’. యూనికోడ్‌లో దాని అంకె 3093. తెలుగుకు అక్కడ కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 దాకా, 128. యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది 1991లో, అంటే ఈ కీబోర్డు తయారైన కొన్నేళ్లకు. అయినా అది పంపేది 66 మాత్రమే కాబట్టి, దానికి తెలియని లిపి అంటూ ఉండదు. మీటల మధ్య దూరం కూడా అప్పటికీ ఇప్పటికీ ముప్పావు అంగుళమే, 19.05 మిల్లీమీటర్లు. చేతివాటం మార్చుకోనక్కర్లేదు.

అన్ని టెర్మినళ్లూ ఐబీఎంవి కావు. 1976 నాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద బాణం గుర్తులుండేవి హెచ్, జె, కె, ఎల్ మీటల పైనే. ప్రోగ్రామర్ బిల్ జాయ్ దాని ముందు కూర్చుని ‘వీఐ’ ఎడిటర్ రాశాడు కాబట్టే ఇప్పటికీ ప్రోగ్రామర్లు ఆ మీటలతో తెర మీద తిరుగుతుంటారు. డిజిటల్ కంపెనీ 1983లో వీటీ220 టెర్మినల్‌తో ఇచ్చిన ఎల్‌కే201 కీబోర్డు తిరగేసిన ‘టి’ ఆకారంలో బాణం మీటలను వాడుకలోకి తెచ్చింది. ఇవాళ మన లాప్‌టాప్ మూలన ఉన్నది ఆ అమరికే.

కానీ ఎల్‌కే201తో జాగ్రత్త. దానికి కావలసింది 12 వోల్టులు. మాట్లాడేది సెకనుకు 4800 బిట్ల సీరియల్ భాష. ప్లగ్గు చూస్తే పాత ఫోన్ రిసీవర్ తీగలాగే ఉంటుంది. దాని 12 వోల్టులు పొరపాటున యూఎస్‌బీ వైపు వెళితే లాప్‌టాప్‌కే ఎసరు. వీటీ100 కీబోర్డుకు హెడ్‌ఫోన్ జాక్ లాంటిది ఉంటుంది, అదీ 12 వోల్టులే. ఐబీఎం టెర్మినల్ కీబోర్డులు కొన్నింటికి నెట్‌వర్క్ కేబుల్ ప్లగ్గును పోలిన 8 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. దాన్ని రౌటర్‌లో పెట్టకూడదు. మోడల్ ఎఫ్ 122కు గుండ్రటి 5 పిన్నుల ప్లగ్గు. పాత పీసీ ప్లగ్గులాగే కనిపిస్తుంది గానీ పిన్నులు 240 డిగ్రీల చాపంలో ఉంటాయి, పీసీవి 180లో. కాబట్టి ప్లగ్గు ఆకారం చూసి ఏదీ నమ్మవద్దు. వెనక లేబుల్ మీద పార్ట్ నంబరు చదివి, ఏ పిన్ను ఏమిటో మల్టీమీటర్‌తో తేల్చుకున్నాకే కరెంటు ఇవ్వాలి.

సోల్డరింగ్ మన వల్ల కాదనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఐబీఎం కీబోర్డుల అచ్చులు 1991లో లెక్స్‌మార్క్‌కు, 1996లో కెంటకీలోని యూనికాంప్‌కు చేరాయి. అదే స్ప్రింగుతో 122 మీటల కీబోర్డును యూఎస్‌బీ తీగతో ఆ సంస్థ ఇప్పటికీ అమ్ముతోంది.

పాతదే కావాలనుకుంటే ఒక విన్నపం. ఒరిజినల్ ప్లగ్గు కోసి యూఎస్‌బీ తీగ అతికించకండి. ఆ ప్లగ్గుకు సరిపోయే సాకెట్ కొని కన్వర్టర్‌ను బయటే పెట్టండి. అలాగైతే రేపు అసలు టెర్మినల్ దొరికినా కీబోర్డు దానికి పనికొస్తుంది.