బంతి నుంచి క్యూ దాకా: నిలబడి తాగే కాఫీ కథ

'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే' అని మనకొక సామెత ఉంది. బంతి అంటే భోజనాల వరస. సంస్కృతంలోని పంక్తి తెలుగులో బంతి అయింది. సామెత పైకి చెప్పేది పక్షపాతం గురించే. దాని వెనక మరో సంగతి కూడా ఉంది. తినేవాడు కూర్చుని ఉంటాడు, పెట్టేవాడు వేరొకడు. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో, ఎవరి విస్తట్లో ముందు పడాలో తినేవాడి చేతిలో లేదు. ఆ వరసలో అసలు చోటే లేనివాణ్ణి 'పంక్తిబాహ్యుడు' అన్నారు.

బెంగుళూరులో చదువుకునే మన విద్యార్థులు రోజూ పొద్దున్నే నిలబడే వరస వేరు. అక్కడ ముందు డబ్బు కడతారు, టోకెన్ తీసుకుంటారు, కాఫీ కౌంటరు దగ్గర క్యూలో నిలబడతారు. గ్లాసు తామే తెచ్చుకుని, ఛాతీ ఎత్తున్న బల్ల దగ్గర నిలబడి తాగి వెళ్ళిపోతారు. ఆ ఊళ్ళో ఇలాంటి హోటళ్ళను 'దర్శిని' అంటారు. బంతికీ క్యూకీ మధ్య జరిగిన ప్రయాణాన్ని కాఫీ గ్లాసు ఆధారంగా వివరించడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

కూర్చోబెట్టి ఇచ్చిన రోజులు

డబ్బు తీసుకుని అన్నం పెట్టడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనం కనిపిస్తుంది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్య పాత్ర. అయితే పూటకూటిల్లు అన్నం కోసం. కాఫీ హోటలు పుట్టింది వేరే అవసరం కోసం. బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ఐతిహ్యం. తోటలు పెద్దఎత్తున పెరిగింది పంతొమ్మిదో శతాబ్దంలో, బ్రిటిష్ వారి కాలంలో. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఉడిపి ప్రాంతం వారు దక్షిణాది పట్టణాల్లో హోటళ్ళు తెరిచారు. బెంగుళూరులో మావళ్ళి టిఫిన్ రూమ్స్ 1924లో మొదలయింది. విద్యార్థి భవన్ 1943 నాటిది. విద్యార్థుల కోసం పెట్టిన హోటలని దాని పేరే చెబుతోంది.

ఈ హోటళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళని ఒక కప్పు కిందికి తెచ్చాయి. అంతటితో చిక్కు మొదలయింది. మన ఇళ్ళల్లో ఎంగిలి అనే భావన ఎంత బలమైనదో చెప్పక్కర్లేదు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగడం దాని వల్ల వచ్చిన అలవాటే. ఒకరు తాగిన గ్లాసు మరొకరికి ఇవ్వాల్సిన చోట, ముందు తాగినవాడెవడు అన్న ప్రశ్న వచ్చింది. చాలా హోటళ్ళు దానికి చూపిన పరిష్కారం చోట్లు విడదీయడం: బ్రాహ్మణులకు ఒక గది, ఇతరులకు ఒకటి, దళితులకు అసలు ప్రవేశమే లేదు. దక్షిణాది రైల్వే స్టేషన్ల ఫలహారశాలల్లోనూ ఈ విభజన ఉండేది. స్వాభిమాన ఉద్యమం వ్యతిరేకించగా 1941లో అది తొలగింది. హోటలు బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యాలని 1957లో పెరియార్ అనుచరులు మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు ముందు నెలల తరబడి నిరసన సాగించారు.

ఈలోగా రాజ్యాంగం వచ్చింది. దుకాణాల్లోకీ, హోటళ్ళలోకీ కులం పేరుతో ఎవరినీ రానివ్వకుండా చేయరాదని 15వ అధికరణం చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా పరిగణించే చట్టం వచ్చింది. అయినా పల్లెల్లో టీ, కాఫీ కొట్లలో 'రెండు గ్లాసుల పద్ధతి' ఆ తరవాత కూడా చాలా కాలం నడిచింది. కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. దళితుడి గ్లాసు చూరులోనో, గోడ బయటో వేరుగా ఉంటుంది. అతను దాన్ని తానే తీసుకోవాలి, బయటే నిలబడి తాగాలి, తానే కడిగి మళ్ళీ అక్కడ పెట్టాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తానే తెచ్చుకోవడం, నిలబడి తాగడం: దర్శినిలో జరిగేదీ ఇదే కదా! పని ఒకటే అయినప్పుడు ఒకచోట అది అవమానం, మరోచోట సౌకర్యం ఎలా అయింది? దీనికి జవాబు వెతకాలంటే సెల్ఫ్ సర్వీస్ పుట్టిన దేశానికి ఒకసారి వెళ్ళి రావాలి.

అమెరికాలో రెండు కౌంటర్లు

1948లో కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలు నడిపే తీరు మార్చేశారు. అంతకు ముందు కార్లలో కూర్చున్నవారి దగ్గరికి పనివాళ్ళు వెళ్ళి ఆహారం అందించేవారు. సోదరులు వాళ్ళను మాన్పించి, కొనేవాడే కిటికీ దగ్గరికి వచ్చి తీసుకోవాలన్నారు. పింగాణీ పోయి కాగితం కప్పులు వచ్చాయి, కడిగే ఖర్చు తగ్గింది, ధరా తగ్గింది. తరవాతి కాలంలో అక్కడి హోటళ్ళు ఇంకో అడుగు వేశాయి. కూల్‌డ్రింకు యంత్రాన్ని కౌంటరుకు ఇవతల పెట్టి, ఖాళీ కప్పు మాత్రం చేతికిచ్చి, పోసుకోమన్నాయి. ఆ యంత్రంలో పానీయం తయారుగా ఉండదు. ఒక పాలు చిక్కటి పాకానికి సుమారు 5 పాళ్ళు గ్యాసు నీళ్ళు గొట్టం చివర కలుస్తాయి. సరుకు ఖర్చు చాలా తక్కువ, మనిషి కూలీ ఎక్కువ. అందుకే మళ్ళీ మళ్ళీ నింపుకున్నా హోటలుకి నష్టం లేదు. అయితే ఇదీ శాశ్వతం కాదు. కూర్చుని తినేవాళ్ళు తగ్గడంతో, అమెరికాలో ఈ యంత్రాలను 2032 నాటికి భోజనశాలల నుంచి తీసేస్తామని మెక్‌డొనాల్డ్స్ సంస్థ 2023లో ప్రకటించింది.

అదే దేశంలో మరో కౌంటరు కథ కూడా ఉంది. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. ఆ దుకాణంలో నల్లవారు సరుకులు కొనవచ్చు, నిలబడి తినే కౌంటరు దగ్గర తినవచ్చు, కాని తెల్లవారి బల్ల దగ్గర కూర్చోకూడదు. ఆ నలుగురూ దుకాణం మూసేదాకా కదల్లేదు. మర్నాడు మరికొందరు చేరారు. ఉద్యమం ఇతర ఊళ్ళకు పాకింది. జులై 25న ఆ కౌంటరు అందరికీ తెరుచుకుంది.

అక్కడ పోరాటం కూర్చోవడం కోసం జరిగింది. కొందరు కూర్చుని, కొందరే నిలబడవలసి వచ్చినప్పుడు నిలబడడం అవమానం. అందరూ నిలబడేచోట అది ఒట్టి అలవాటు. మన రెండు గ్లాసుల కొట్టుకీ దర్శినికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

దర్శిని పని చేసే తీరు

బెంగుళూరులో నిలబడి తినడం దర్శినితో మొదలు కాలేదు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచీ ఇడ్లీ, వడ, కాఫీ వంటి కొద్ది పదార్థాలతో అలాగే నడుస్తోంది. అయితే ఈ పద్ధతికి ఒక స్థిరమైన నమూనా, పేరు ఇచ్చింది 1983లో జయనగరలో ఆర్. ప్రభాకర్ ప్రారంభించిన కేఫ్ దర్శిని. ఆయన విదేశాల ఫాస్ట్‌ఫుడ్ పద్ధతిని ఇడ్లీ, దోసె, కాఫీలకు అన్వయించారు. విదేశీ సంస్థ కె.ఎఫ్.సి. మన దేశంలో తొలి దుకాణం బెంగుళూరులోనే తెరిచింది 1995లో. అంటే అసలు కంటే నమూనా 12 ఏళ్ళు ముందు వచ్చింది.

లెక్క తేలికే. కుర్చీలు లేకపోతే చిన్న గదిలో ఎక్కువమంది పడతారు. కుర్చీ లేనిచోట ఎవరూ గంటసేపు ఉండరు. వడ్డించేవారి జీతాలు ఉండవు. అద్దె, కూలీ రెండూ తగ్గితే ధర తగ్గుతుంది. వంటగది కొనేవాడి కళ్ళెదుటే ఉంటుంది. దర్శిని అంటే చూపించేది అని అర్థం.

ఈ వేగానికి కాఫీ చక్కగా ఇమిడింది. రెండంతస్తుల ఫిల్టరులో పై అంతస్తు అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. పొడి వేసి, సలసల మరిగే నీళ్ళు పోస్తే డికాషన్ చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. ఇదే నిదానమైన పని, అందుకే ముందుగానే దింపి ఉంచుకుంటారు. పొడిలో చికోరీ కలపడం దక్షిణాది అలవాటు. అది ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. దానిలో కెఫీన్ లేదు, కాని రంగూ చిక్కదనమూ ఇస్తుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. కౌంటరులో మనిషి చేసేది చివరి పని మాత్రమే: గ్లాసులో చక్కెర, దాని మీద కొంచెం డికాషన్, పైనుంచి కాగే పాలు. కొద్ది క్షణాల్లో అయిపోతుంది. ఇద్దరు కలిసి 'బై టూ' అడిగితే ఒక కాఫీ రెండు గ్లాసుల్లో వస్తుంది. ఇక్కడ కూడా రెండు గ్లాసులే, కాని ఇవి స్నేహానికి గుర్తు.

'కొను' చేసే పని

సెల్ఫ్ సర్వీస్‌కు తెలుగు మాట ఏమిటని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. 'స్వయంసేవ' అనవచ్చు, కాని ఎవరూ అనరు. మన వ్యాకరణంలో అంతకంటే సహజమైన సాధనం ఉంది. క్రియకు 'కొను' చేరిస్తే తన కోసం తాను చేసే పని అవుతుంది: తెచ్చుకోవడం, పోసుకోవడం, వడ్డించుకోవడం. బెంగుళూరులో కాఫీని తెచ్చుకుంటారు, అమెరికాలో కూల్‌డ్రింకును పోసుకుంటారు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట, తెలుగులో రెండు పనులూ విడిగా కనిపిస్తాయి. రెండు గ్లాసుల కొట్టులో జరిగేది మాత్రం కడుక్కోవడం కాదు, కడిగించడం. చెయ్యి అతనిదే, ఇష్టం మరొకరిది.

మిగిలిన లెక్క

క్యూ ఎవరి కులమూ అడగదు. టోకెన్‌కు నంబరే తప్ప ఇంటిపేరు ఉండదు. కడబంతిలో కూర్చున్నవాడికి కూడా ముందు వడ్డించే 'మనవాడు' అక్కడ లేడు. ఇంతమాత్రం చేత సమానత్వం వచ్చేసిందని మేం అనడం లేదు. ధర కట్టలేనివాడు క్యూలోకే రాడు. నిలబడలేని ముసలివారికి ఆ బల్ల ఎత్తే. వడ్డించేవాడు పోయాడు గాని, గ్లాసులు కడిగే మనిషి పోలేదు. మనం తొట్టిలో పడేసిన గ్లాసు ఎవరి చేతిలోకి వెళుతోందో క్యూకి కనబడదు. పల్లెల్లో కొన్నిచోట్ల దళితులకు వేరే గ్లాసు బదులు వాడి పారేసే కప్పు ఇచ్చి, మిగతావారికి గాజు గ్లాసు ఇస్తున్నారు. కప్పు కొత్తది, బుద్ధి పాతదే. అందరికీ ఒకే గ్లాసా కాదా అన్నదే ఎక్కడైనా అడగవలసిన ప్రశ్న.

తెలుగునాడుకు దూరంగా పెరిగిన మీకు ఈ విషయంలో ఒక వీలుంది. మీ ఇళ్ళల్లో రెండు భాషల మాటలు కలిసి ఉంటాయి. చెన్నైలో పళ్ళెం చేత్తో పట్టుకుని తినే వీధికొట్టును నవ్వులాటగా 'కైయేంది భవన్' అంటారు. మీ ఊళ్ళో ఏమంటారో రాసి పెట్టండి. దానితోపాటు ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో ఇంకొకటి అడగండి: వారి చిన్నతనంలో ఊరి కాఫీ హోటల్లో ఎవరు లోపల కూర్చునేవారు, ఎవరు బయట నిలబడేవారు, గ్లాసులు ఎన్ని రకాలు? ఆ జవాబులు చాలావరకు పుస్తకాల్లో లేవు. చెప్పేవారు ఉండగానే అడిగి రాసుకోవాలి.