ఆరు ఋతువుల ఆతిథ్యం
శ్రీశైల ఉత్తర మార్గంలో యాత్రికుల సత్రం ఏడాది పొడవునా ఎలా నడుస్తుంది?

శ్రీశైల మహాక్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఆ ఉత్తర ద్వారం మన అచ్చంపేట మండలంలో, రంగాపురం చెంత నల్లమల కొండ అంచున వెలసింది. హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే యాత్రికునికి అడవి మొదలయ్యే ముందు తగిలే చివరి పెద్ద ఊరు అచ్చంపేట. ఈ ఊళ్ళో యాత్రికుల సత్రం బాధ్యతలు చూస్తున్న వాడిగా, సత్ర నిర్వహణ ఏ ఋతువులో ఎలా సాగుతుందో భక్తులకు, దాతలకు విన్నవించడం నా ధర్మమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇక్కడ బస అవసరం కావడానికి ముఖ్య కారణం అడవి. మన్ననూరు దాటిన పిమ్మట దోమలపెంట వరకు యాభై కిలోమీటర్లకు పైగా అమ్రాబాదు పులుల అభయారణ్యం గుండా బాట సాగుతుంది. వన్యప్రాణుల రక్షణ నిమిత్తం రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆ దారిలో వాహనాలను అనుమతించరు. పట్నంలో సాయంత్రం పనులు ముగించుకొని బయలుదేరిన కుటుంబం తనిఖీ కేంద్రం చేరేసరికి గేటు మూసి ఉంటుంది. పసిపిల్లలతో, వృద్ధులతో రోడ్డు ప్రక్కన కారులోనే తెల్లవార్చే వారు ఎందరో. వారికి ఒక పడక, ఒక బకెట్టు నీళ్ళు, తెల్లవారగానే వేడి అల్పాహారం అందించడమే మన సత్రం చేసే సేవ.

సత్రధర్మం నాటిది

యాత్రికునికి నీడ, కూడు ఇవ్వడం మన నేలకు కొత్త కాదు. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం విశ్వేశ్వర శివాచార్యుల మఠాన్ని వర్ణిస్తూ, దానికి అనుబంధంగా సత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయని తెలుపుతున్నది. గ్రామాల ఆదాయాన్ని శాశ్వతంగా కేటాయించినందువల్లనే ఆ సత్రంలో వచ్చిన వారికెల్లా అన్నం పెట్టగలిగారు. 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలాన్ని దర్శించి, నిజాం రాజ్యం మీదుగా ఉత్తరాదికి సాగారు. ప్రతి మజిలీలో దిగడానికి చోటున్నదా, నీరు ఎలాంటిది, సరుకులు దొరుకుతాయా అన్న విషయాలను ఆయన శ్రద్ధగా వ్రాసుకొన్నారు. దాదాపు రెండు వందల ఏళ్ళు గడిచినా యాత్రికుడు మొదట అడిగే ప్రశ్నలు అవే.

వసంతం: ఉగాది, సలేశ్వరం

చైత్ర వైశాఖాలతో మన ఏడు మొదలవుతుంది. ఉగాదికి శ్రీశైలం కన్నడ భక్తులతో నిండిపోతుంది. భ్రమరాంబను వారు తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. అధికులు ఆత్మకూరు వైపు అడవిదారిన వచ్చినా, కొందరు మన మార్గంలోనూ సాగుతారు. వారు జొన్నరొట్టె, పప్పు తమ వెంట తెచ్చుకొంటారు. మన నుండి కోరేది మంచినీరు, నడుం వాల్చేందుకు చోటు మాత్రమే.

చైత్ర పౌర్ణమి నాటికి సలేశ్వరం జాతర. నల్లమల నడుమ లోయలో, జలధార చెంత గుహలో వెలసిన లింగమయ్యకు చెంచులే అర్చకులు. అటవీశాఖ ఏటా అనుమతించే కొద్ది రోజులు మాత్రమే ఆ దర్శనం లభిస్తుంది. వెళ్ళేటప్పుడు వస్తున్నామని, తిరిగేటప్పుడు పోతున్నామని లింగమయ్యకు ఎలుగెత్తి చెబుతూ భక్తులు రాళ్ళబాటన నడుస్తారు. అదే పౌర్ణమికి హనుమద్దీక్ష స్వాములు మద్దిమడుగు ఆంజనేయస్వామి సన్నిధికి బయలుదేరుతారు. ఈ రెండు ప్రవాహాలు కలిసే రోజుల్లో గదుల ప్రసక్తి ఉండదు. వరండా, భోజనశాల, మేడమీది డాబా అన్నింటా చాపలు పరుస్తాము. తెల్లవారుజామున నాలుగు గంటలకే పులిహోర పొట్లాలు సిద్ధం కావాలి. చింతపండు పులుసు పట్టించిన పులిహోర ఎండలోనూ మధ్యాహ్నం వరకు చెడదు. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి ఆ దారికి పనికిరావు.

గ్రీష్మం: నీటి లెక్క

జ్యేష్ఠ ఆషాఢాలలో యాత్రికులు తగ్గుతారు, ఖర్చు తగ్గదు. ఈ లెక్కను దాతలు శ్రద్ధగా చదవాలని నా మనవి. స్నానానికి, కాలకృత్యాలకు మనిషికి రెండు బకెట్లు, అంటే సుమారు 40 లీటర్లు అనుకొందాం. వంద మంది దిగితే 4,000 లీటర్లు. వంటకు, పాత్రలకు, దుప్పట్లు ఉతకడానికి మరి కొంత. బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి ఒక్క పూటకే సరిపోతుంది. మన పాలమూరు మెట్టనేల గట్టి రాతిపొరలది. వాన నీరు లోనికి ఇంకేది తక్కువ. కనుక డాబా మీది వాన నీటిని ఇంకుడుగుంతకు మళ్ళించడం, బోరు చుట్టూ నేలను కాపాడడం వేసవి రాకముందే చేయవలసిన పనులు.

ఎండ చేసే మేలు కూడా ఒకటుంది. రోహిణి కార్తెలో పరుపులు, బొంతలు, దిండ్లు వరుసగా రెండు మూడు రోజులు డాబా మీద తిరగవేసి ఎండబెడతాము. నల్లులు చేరకుండా ఉండడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు. మంచాల కీళ్ళలో మరిగే నీరు పోస్తాము. వీధి వైపు అరుగు మీద కుండలతో చలివేంద్రం పెట్టి, ఉదయం అల్పాహారంతో పాటు రాగి అంబలి ఇస్తాము. మజ్జిగ కలిపిన అంబలి త్రాగి బయలుదేరిన వృద్ధులు ఎండదెబ్బకు లోనుకావడం తక్కువని ఇన్నేళ్ళుగా గమనించాను.

వర్షం: మరమ్మతుల కాలం

మృగశిర కార్తె ప్రవేశించేలోగా డాబా తూములు శుభ్రం కావాలి. చినుకు పడ్డాక పగులు వెదకడం వృథా. శ్రావణ భాద్రపదాలలో గోడలకు చెమ్మ, తలుపులకు ఉబ్బు, బియ్యానికి పురుగు వస్తాయి. అడవి దగ్గరి ఊరు కనుక తేళ్ళు, పాములు పొడి చోటు వెదుక్కొంటూ లోనికి రావచ్చు. అందుకే ఈ నెలల్లో నేల మీద పడకలు వేయము. పాదరక్షలు దులిపి తొడుక్కోమని ప్రతి అతిథికీ చెబుతాము. రాత్రంతా దీపం వెలగడానికి బ్యాటరీ ఏర్పాటు ఉంచుతాము.

వానలు నిలకడగా పడితే వటవర్లపల్లి సమీపంలోని మల్లెలతీర్థం జలపాతం నిండుగా దూకుతుంది. దానిని చూడవచ్చే వారిలో యువకులు అధికం. వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. తడి బండల మీద కాలు జారితే ఆసుపత్రి చేరడానికి చాలా సమయం పడుతుంది. బయలుదేరే ముందు ఉప్మాతో పాటు ఈ హెచ్చరికను కూడా వడ్డించడం మా అలవాటు. జలపాతం చెంత మద్యం సేవించే ఉద్దేశంతో వచ్చిన వారికి మాత్రం ఇక్కడ గది ఇవ్వము.

శరత్తు: కార్తీక దీపాలు

ఆశ్వయుజంలో సీతాఫలాలు బజారుకు వస్తాయి. పాలమూరు సీతాఫలం పేరుపొందినది. ఉదయం ఫలహారంలో ఒక పండు చేర్చితే అతిథికి ఈ నేల రుచి తెలుస్తుంది. కార్తీకంలో ప్రతి సోమవారం, పౌర్ణమి రోజుల్లో కుటుంబాలు బృందాలుగా వస్తాయి. పగలు ఉపవసించే వారు రాత్రి నక్షత్ర దర్శనం పిమ్మట భుజిస్తారు. కనుక ఆ రోజుల్లో మా వంటశాల సాయంత్రం ఆరంభమై అర్ధరాత్రి దాకా సాగుతుంది. గదుల్లో దీపాలు వెలిగించవద్దని, ఆవరణలోని తులసికోట వద్దనే వెలిగించమని వేడుకొంటాము. పత్తి పరుపుల నడుమ ఒక్క వత్తి చాలు ప్రమాదానికి.

హేమంతం: దీక్షాపరులు, ఉమామహేశ్వరం

మార్గశిర పుష్యాలలో దీక్షాపరుల రాక అధికం. వీరు మంచం కోరని అతిథులు. నేల మీదే శయనిస్తారు, తెల్లవారకముందే చన్నీటి స్నానం చేస్తారు. వారికి కావలసినవి శుభ్రమైన నేల, పీఠం పెట్టుకొనేందుకు ఒక మూల, ఉల్లి వెల్లుల్లి లేని సాత్త్వికాహారం. నల్లమల చలికి పలుచని దుప్పటి చాలదు. మన కురుమలు నేసే గొంగడి ఈ కాలంలో అక్కరకు వస్తుంది. గొంగడిని దానంగా ఇచ్చే దాతలు ఉతకడానికి, ఎండబెట్టడానికి అయ్యే ఖర్చును కూడా మనసులో ఉంచుకోవాలి.

సంక్రాంతి వేళ ఉమామహేశ్వరంలో ఉత్సవాలు జరుగుతాయి. కొండ చరియ క్రింద రాతి నుండి ఊరే పాపనాశనం నీటిని భక్తులు శిరసున చల్లుకొంటారు. ఉత్తర ద్వారాన్ని దర్శించిన పిమ్మటే శ్రీశైలం వెళ్ళాలన్న నియమం గలవారు ఒక రాత్రి మన దగ్గర బస చేస్తారు. ఆ సమయానికే అచ్చంపేట మార్కెట్టుకు కొత్త పల్లీలు వస్తాయి. ఒక పెద్దమ్మ ఏటా తన చేని పల్లీలు ఒక సంచి తెచ్చి వంటశాల గడపలో పెట్టి, పేరు వ్రాయవద్దని చెప్పి వెళుతుంది. ఆ సంచితో చాలా రోజుల పల్లీ పచ్చడి గడుస్తుంది.

శిశిరం: మహాశివరాత్రి

ఏడాదిలో మాకు అతి పెద్ద పరీక్ష ఇది. శ్రీశైల బ్రహ్మోత్సవాలు పదకొండు రోజులు సాగుతాయి. పాదయాత్రగా వచ్చే శివస్వాములు అంతకు చాలా ముందే దారి పట్టి ఉంటారు. ఎండ ముదరకముందు, ప్రొద్దు వాలిన తరువాత నడుస్తారు కనుక వారి రాకకు వేళ లేదు. వాకిట ఉప్పు వేసిన గోరువెచ్చని నీటి తొట్టెలు ఉంచుతాము. పాదాలు కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాయాలి. బొబ్బలను చిదపరాదు. మధుమేహం ఉన్నవారు పాదాన గాయమైతే నడక ఆపి వైద్యుని చూడడమే మంచిది. మొక్కు చెడుతుందన్న భయంతో నడిచి, కాలికే ముప్పు తెచ్చుకొన్న వారిని చూశాను.

వంద మందికి ఉప్మా చేయాలంటే సుమారు ఆరు ఏడు కిలోల రవ్వ పడుతుంది. శివరాత్రి ముందు దినాల్లో ఆ లెక్క పూటకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. శివరాత్రి నాడు పొయ్యి వెలగదు. ఉపవాసులకు నీరు, పండ్లు, పాలు మాత్రమే. మరునాటి పారణకు తెల్లవారకముందే పొంగలి సిద్ధం కావాలి. రాత్రంతా మేల్కొని, ఏమీ తినకుండా వాహనం నడపబోయే వారిని ఆపి, తిని రెండు గంటలు నిద్రించి వెళ్ళమని కోరతాము. అడవిదారి మలుపులపై నిద్రమత్తు ప్రాణాంతకం.

దాతలకు విన్నపం

కార్తీకంలో, శివరాత్రికి విరాళాలు వెల్లువెత్తుతాయి. అన్నదానానికి, గది నిర్మాణానికి ఇవ్వడానికి అనేకులు ముందుకు వస్తారు. వారందరికీ కృతజ్ఞతలు. అయితే ఆషాఢంలో పారిశుద్ధ్య సేవకురాలి జీతానికి, భాద్రపదంలో కారే డాబాకు, వైశాఖంలో ట్యాంకరుకు దాతలు లభించరు. గది కట్టడం ఒకసారి జరిగే పని, దానిని శుభ్రంగా ఉంచడం నిత్యకృత్యం. గది ఉండి నీరు లేకపోతే యాత్రికునికి అది నిలువనీడ మాత్రమే. శిలాఫలకంపై పేరు కోరే దాత, ఆ గది నిర్వహణకు కూడా కొంత మూలధనం సమకూర్చితే దాని వడ్డీతో ఆ గది ఏళ్ళ తరబడి మంచి స్థితిలో ఉంటుంది. మల్కాపురం శాసనకర్తలు గ్రామాల ఆదాయాన్ని కేటాయించడంలోని వివేకం ఇదే. రూ. 2,000 మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు. కనుక అంతకు మించిన మొత్తాన్ని చెక్కు ద్వారా గాని, బ్యాంకు ద్వారా గాని పంపడం మేలు. బియ్యం, దుప్పట్లు వంటి వస్తురూప దానాలకు కూడా ఆ మినహాయింపు లేదు.

పైకం లేదన్న కారణంతో పాదచారిని గడప నుండి మరలించరాదన్నది మన సత్రం పాటించే నియమం. ఇవ్వగలిగిన వారు ఇచ్చే గది రుసుమే ఇవ్వలేని వారి చాపకు, అల్పాహారానికి ఆధారం. రుసుము అడిగినప్పుడు, ధర్మసత్రంలో డబ్బు ఎందుకని కొందరు నొచ్చుకొంటారు. వారు ఈ సంగతి గ్రహించాలని ప్రార్థన.

యాత్రికులకు సూచనలు

గుర్తింపు పత్రం వెంట తెచ్చుకోండి. అడవి గేటు వేళలను లెక్కించుకొని బయలుదేరండి. శివరాత్రి వంటి సందర్భాల్లో సడలింపు ఉంటుందో లేదో ముందే విచారించండి. అడవిలో ప్లాస్టిక్ పారవేయకండి, కోతులకు ఆహారం వేయకండి. నీటిని పొదుపుగా వాడండి. గది ఖాళీ చేసేటప్పుడు కిటికీలు మూసి, ఫ్యాను, దీపం ఆపండి. మీ తరువాత వచ్చే యాత్రికుడు కూడా మీ వలెనే అలసి వస్తాడు.

భ్రమరాంబా మల్లికార్జునుల కరుణ యాత్రికులందరిపై ప్రసరించుగాక. స్వస్తి.