మైకులో అరిస్తే మాట దూరం పోతుందా?

పిల్లలూ! మీ బడి వార్షికోత్సవంలో ఈ సంగతి చూచే ఉంటారు. ఒకాయన వేదిక ఎక్కి, మైకును మూతికి ఆనించుకొని, "సభకు నమస్కారం!" అని గట్టిగా అరుస్తాడు. హారన్లలోంచి గరగరమని చప్పుడు వస్తుందేగాని మాట ఒక్కటీ అర్థం కాదు. తరువాత చిన్న తరగతి పిల్ల ఒకతె వచ్చి, మైకుకు జానెడు దూరంలో నిలబడి, మామూలు గొంతుతో పద్యం చదువుతుంది. గేటు దగ్గర ఉన్నవాళ్లకు కూడా ప్రతి అక్షరమూ వినిపిస్తుంది.

ఎందుకిట్లా జరుగుతుంది? ఈ సంగతి మనకంటే బాగా తెలియవలసినవాళ్లు కొందరున్నారు. వాళ్లు సి.బి. రేడియోలో మాట్లాడేవాళ్లు.

సి.బి. అంటే సిటిజన్స్ బాండ్. మామూలు పౌరులు మాట్లాడుకోవటానికి విడిచిపెట్టిన రేడియో తరంగాలన్నమాట. అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 చానళ్లు ఇట్లా ఇచ్చారు. 1973లో అక్కడ పెట్రోలుకు, డీజిలుకు కరువు వచ్చింది. ఏ బంకులో నూనె దొరుకుతుందో లారీ డ్రైవర్లు ఈ రేడియోలోనే ఒకరికొకరు చెప్పుకొన్నారు. దాంతో సి.బి. పేరు దేశమంతా పాకింది. 1977లో చానళ్లను 40 చేశారు. సెల్‌ఫోన్లు వచ్చినా అక్కడి లారీలలో ఈ పెట్టెలు నేటికీ కనిపిస్తాయి. మన దేశంలో కూడా 2005లో వచ్చిన నియమాలు ఈ బాండులో 5 వాట్లకు మించని సెట్లకు, కొన్ని షరతులతో, లైసెన్సు అక్కరలేదన్నాయి.

పెట్టె చిన్నదే. దానికి చుట్టలు చుట్టుకున్న తీగతో ఒక మైకు వేలాడుతుంది. మైకు మీద ఉన్న మీట నొక్కితే మీ మాట పోతుంది. వదిలితే అవతలివాళ్ల మాట వస్తుంది. రెండూ ఒకేసారి జరగవు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మాట గాలిలో అంత దూరం ఎట్లా పోతుంది? మీట నొక్కగానే పెట్టె ఒక రేడియో తరంగాన్ని పంపుతుంది. దానిని వాహక తరంగం అంటారు. మీ గొంతు ఆ తరంగం బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులనే అవతలి పెట్టె మళ్లీ మాటగా మారుస్తుంది.

ఒక కుంటలో రెండడుగుల లోతు నీళ్లున్నాయనుకోండి. ఆ నీటిమట్టమే వాహక తరంగం. నీళ్లను కదిపితే లేచే అల మీ మాట. అల మరీ చిన్నదైతే అవతలి గట్టున ఉన్నవాడికి తెలియదు. కొంచెం పెద్దదైతే చక్కగా తెలుస్తుంది. ఇంకా బలంగా కదిపితే? అల పైకి లేచినంతా కిందికీ దిగాలి గదా! రెండడుగులు దిగేసరికి కుంట అడుగు తగులుతుంది. అంతకంటే దిగటానికి చోటు లేదు. బురద లేచి నీళ్లన్నీ పాడవుతాయి.

రేడియోలోనూ ఇంతే. అల అడుగును తాకే స్థితిని నూటికి నూరు పాళ్లు అంటారు. ఆ హద్దు దాటితే మాట అంచులు తెగిపోయి గరగరలాడుతుంది. దూరం మాత్రం పెరగదు.

అంతటితో పోతే నష్టం మాట్లాడినవాడికే. కాని ఆ బురద పక్క రేవుకు కూడా పోతుంది! సి.బి.లో చానలుకూ చానలుకూ మధ్య చాలాచోట్ల 10 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటుంది. హద్దు మీరిన మాట ఆ ఎడం దాటి పక్క చానలులో చిందుతుంది. అమెరికాలో 9వ చానలును ఆపదలో ఉన్నవాళ్ల కోసం, దారిలో సాయం కావలసినవాళ్ల కోసం ప్రత్యేకించారు. చలికాలపు రాత్రి ఒక కుటుంబం కారు మంచులో చిక్కుకుపోయిందనుకోండి. వాళ్లు 9వ చానలులో, నీరసించిన బాటరీతో, "సాయం చేయండి" అని పిలుస్తున్నారు. సరిగ్గా అప్పుడే దగ్గరలో ఒకడు 10వ చానలులో మైకు పూర్తిగా పెంచి సరదాగా కేకలు వేస్తున్నాడు. వాడికి ఏమీ తెలియదు. కాని ఆ బలహీనమైన పిలుపు వాడి గరగరలో కలిసిపోవచ్చు.

"మరి శక్తి పెంచితే?" అని మీరడగవచ్చు. అమెరికా నియమాల ప్రకారం మామూలు సి.బి. సెట్టు 4 వాట్లకు మించి పంపరాదు. మీ ఇంట్లో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు పట్టే శక్తిలో అది సగం కూడా కాదు! అయినా దానితో కొన్ని మైళ్ల దూరం మాట్లాడుకుంటారు. అడ్డులేని చోటనైనా రెట్టింపు దూరంలో అదే బలంతో వినిపించాలంటే శక్తి నాలుగు రెట్లు, అంటే 16 వాట్లు కావాలి. మూడు రెట్ల దూరానికి 36 వాట్లు. గుట్టలూ మేడలూ అడ్డుంటే అదీ చాలదు. పైగా శక్తి పెంచే పెట్టెలు తగిలించటం అక్కడి చట్టానికి విరుద్ధం.

తెలివైనవాడు శక్తి జోలికి పోడు, ఏరియల్ చూచుకుంటాడు. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు, అంటే రెండు ముప్పావు మీటర్ల కడ్డీ దానికి చక్కగా సరిపోతుంది. కారుకు పెట్టే పొట్టి ఏరియల్‌లో తీగచుట్ట చుట్టి ఆ లోటు తీరుస్తారు. పొడవు కుదరకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కు వస్తుంది. దీనిని చూపే మీటరు ఉన్నది. దాని పేరు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు. అది 1 చూపితే ఏమీ వెనక్కు రాలేదన్నమాట. 3 చూపితే నాలుగోవంతు వెనక్కు వచ్చిందన్నమాట. 1వ చానలులో ఎక్కువ, 40వ చానలులో తక్కువ చూపితే ఏరియల్ పొట్టిదైనట్టు. 40లో ఎక్కువ చూపితే పొడుగైనట్టు. ఏరియల్ లేకుండా మాత్రం మీట నొక్కకూడదు, సెట్టు పాడవుతుంది.

ఏరియల్ కుదిరాక మైకు వంతు. దానిని పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోవాలి. ఎదురుగా పట్టుకుంటే "పప్పు", "బండి" అన్నప్పుడు ఊపిరి తగిలి టప్పుమంటుంది. మైకు బలం పెంచే నాబును మొదట తగ్గించి ఉంచాలి. దూరంగా ఉన్న స్నేహితుణ్ణి వినమని, మామూలు గొంతుతో ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతూ నాబును కొద్దికొద్దిగా తిప్పాలి. గొంతు నిండుగా ఉన్నంతవరకు సరే. ఎక్కడ గరుకెక్కుతుందో అక్కడ ఆగి, కొంచెం వెనక్కు తిప్పాలి. ఎందుకంటే మైకు బలం మరీ పెంచితే మాటతోపాటు ఇంజను మోత, కిటికీ గాలి కూడా పెరుగుతాయి. మన గొంతు ఎట్లా పోతున్నదో మనకు వినపడదు. అవతలివాడి చెవే అసలైన మీటరు.

చివరకు వినే నాబు. దానిని స్క్వెల్చ్ అంటారు. మాటలు లేనప్పుడు వచ్చే హోరును అది మూస్తుంది. హోరు ఆగిన చోటనే దానిని ఆపాలి. ఇంకా తిప్పితే బలహీనమైన గొంతులకు కూడా తలుపు మూసినట్టే.

ఇదంతా నిజమేనా అని మీకు అనుమానం రావచ్చు. ఇంట్లో పరీక్షించి చూడండి. పెద్దవాళ్ల ఫోను అడిగి తీసుకొని, దానిలో గొంతు రికార్డు చేయండి. ముందు జానెడు దూరం నుంచి మామూలుగా పది అంకెలు చెప్పండి. తరువాత ఫోనును మూతికి ఆనించి, అవే అంకెలు అరవండి. రెండూ వినిపించి, ఏది బాగా అర్థమైందో మీ అమ్మనో తాతయ్యనో అడగండి.

రేడియో తరంగాలు ఊరి చెరువువంటివి. అందరూ దిగే రేవు ఒకరు బురద చేయకూడదు. ఈసారి మైకు మీ చేతికి వచ్చినప్పుడు గొంతు కాక మాట చక్కగా పోయేటట్లు చూడండి. మాట్లాడటం కాగానే మీట వదలండి. అవతల ఎవరో మీకు ఏదో చెప్పాలని ఎదురు చూస్తూ ఉండవచ్చును!