కల్తీని పట్టే కొలువులు

మంచి పసుపు ఎలా ఉండాలని అడిగితే ఎవరైనా చెప్పే మాట ఒక్కటే: రంగు బాగుండాలి. కల్తీ చేసేవాళ్లు సొమ్ము చేసుకునేది సరిగ్గా ఈ నమ్మకాన్నే. రంగు తగ్గిన కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ కలిపితే నిగనిగలాడతాయి. ఇది పెయింట్లలో వాడే రసాయనం. ఇందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తింటే రుచిలో తేడా తెలియదు. మరి దీన్ని పట్టుకునేదెవరు? ఆ పని చేసే కొలువుల గురించే ఈ వ్యాసం. కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ, చివరికి ఇంజినీరింగ్ చదివినవాళ్లకూ ఇందులో చోటుంది.

బంగ్లాదేశ్ ఎలా పట్టింది?

ఈ కల్తీని చివరిదాకా వెంటాడిన దేశం బంగ్లాదేశ్. పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండటంతో అక్కడి పరిశోధకులు, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి మూలం కోసం వెతికారు. సీసానికి కొన్ని ఐసోటోపులు ఉంటాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి వాటి నిష్పత్తి మారుతుంది. రక్తంలోని నిష్పత్తిని అనుమానం ఉన్న వస్తువులతో పోల్చి చూస్తే, పసుపుతో సరిపోలింది.

తర్వాత ఆహార భద్రతాధికారులు రంగంలోకి దిగారు. 2019లో హోల్‌సేల్ మార్కెట్‌పై దాడి చేశారు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే చేతి యంత్రంతో అక్కడికక్కడే పరీక్షించి, దొరికిన వ్యాపారులకు జరిమానా వేశారు. ఆ సంగతి వార్తల్లో గట్టిగా వచ్చింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం సీసంతో కల్తీ అయినవే. 2020 నాటికి అది 5 శాతానికి తగ్గింది. 2021లో సున్నా!

ఇది ఒక్కరి వల్ల అయిన పని కాదు. నమూనా సేకరించినవాళ్లు, ల్యాబ్‌లో తేల్చినవాళ్లు, యంత్రం నడిపినవాళ్లు, చర్య తీసుకున్నవాళ్లు అందరూ కలిస్తేనే అయింది. నిజామాబాద్, దుగ్గిరాల లాంటి పెద్ద పసుపు మార్కెట్లున్న మనకూ ఈ మనుషులందరూ కావాలి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్

మన దేశంలో దీనికి ఆధారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, అగ్రికల్చర్, వెటర్నరీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీ, లేదా కెమిస్ట్రీలో పీజీ ఉన్నవాళ్లు ఈ పోస్టుకు పోటీ పడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫికేషన్ ఇచ్చి భర్తీ చేస్తాయి. అర్హతలను అందులో మరోసారి సరిచూసుకోండి.

దాడులు చేయడమే ఈ ఉద్యోగం అనుకుంటే పొరపాటు. తీసిన నమూనాను నాలుగు భాగాలు చేయాలి, సీలు వేయాలి, కాగితాలు పక్కాగా ఉండాలి. ఫుడ్ అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. ఎక్కడ తేడా వచ్చినా కల్తీ చేసినవాడు హాయిగా బయటపడతాడు.

ల్యాబ్‌లో అనలిస్ట్

ఇంట్లో గ్లాసు నీళ్లలో పసుపు వేసి చూసే పరీక్ష మంచిదే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన ‘డార్ట్’ పుస్తకంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ అది అనుమానం వరకే. పసుపులో సీసానికి మన దగ్గర పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. అంత కొద్ది మొత్తం లెక్క తేల్చాలంటే ఐసీపీ-ఎంఎస్ లాంటి పరికరం, దాన్ని నడపడం వచ్చిన మనిషి ఉండాల్సిందే.

పరికరం కంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఏ పరీక్షైనా మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. 2008లో చైనాలో పాలపొడి విషయంలో జరిగింది ఇదే. ప్రొటీన్ ఎంతుందో తెలుసుకోవడానికి నైట్రోజన్‌ను కొలిచేవారు. నీళ్లు కలిపిన పాలలో నైట్రోజన్ ఎక్కువగా ఉండే మెలమిన్ వేసేసరికి, పరీక్షలో ప్రొటీన్ బాగానే ఉన్నట్టు వచ్చింది. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. ‘ఈ పరీక్షను ఎలా మోసం చేయొచ్చు?’ అని ముందే ఆలోచించగలిగేవాడే మంచి అనలిస్ట్.

ఫుడ్ అనలిస్ట్‌గా గుర్తింపు రావాలంటే తగిన డిగ్రీ, మూడేళ్ల ల్యాబ్ అనుభవం, ఆపైన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరీక్షలో పాస్ కావాలి. మొదటి మెట్టుగా ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లలో ట్రైనీగా చేరండి.

ఇంజినీర్లకేం పని?

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌నే తీసుకోండి. ఎక్స్‌రే తగిలిన ప్రతి మూలకం తనదైన శక్తితో తిరిగి ఎక్స్‌రేలు వదులుతుంది. వాటిని చదివే డిటెక్టర్, కాలిబ్రేషన్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఇంజినీరింగే. స్పెక్ట్రమ్ డేటాలో అసలు, నకిలీ తేడాను పట్టే మోడళ్లకు పైథాన్, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు కావాలి.

ఎగుమతుల వైపు

కల్తీని రాకుండా ఆపే ఉద్యోగాలూ ఉన్నాయి. 2003లో కారంలో సుడాన్ రంగు బయటపడ్డాక ఐరోపా దేశాలు పరీక్షలు తప్పనిసరి చేశాయి. మన గుంటూరులోనే స్పైసెస్ బోర్డు నాణ్యతా ల్యాబ్ ఉంది. ఎగుమతి, మసాలా కంపెనీల్లో క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌లు ముడిసరుకు గేటు దాటకముందే పరీక్షిస్తారు. బాపట్లలోని ఫుడ్ సైన్స్ కాలేజీ, మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరు, కుండ్లీల్లోని నిఫ్టెమ్ ఈ చదువులకు పేరున్నవి.

ఇప్పుడేం చేయాలి?

మీ ప్రాంతంలో ఎక్కువగా దొరికే సరుకు ఒకటి ఎంచుకోండి. అందులో ఏం కలపొచ్చు, ఏ పరీక్షతో దొరుకుతుంది, ఆ పరీక్ష ఎక్కడ తప్పుతుంది? ఈ మూడింటికీ జవాబులు రెండు పేజీల్లో రాయండి. ఫైనలియర్ ప్రాజెక్టు దాని మీదే చేయండి. ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు?’ అని అడిగితే, సర్టిఫికెట్ల కట్ట కన్నా ఆ రెండు పేజీలే ఎక్కువ మాట్లాడతాయి.