అంకుడు కర్ర, ఆలె మర: చెట్టు ఒకటే

లక్క అనగానే మన పిల్లలకు భారతంలోని లక్క ఇల్లే గుర్తొస్తుంది. అసలు లక్క ఎలా ఉంటుందని మొన్న ఏడో తరగతిలో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. మర్నాడు ఏటికొప్పాక బొమ్మను తెచ్చి వాళ్ల చేతికిచ్చాం.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ మెత్తని అంకుడు కర్రను లేత్ మిషన్ మీద తిప్పుతూ బొమ్మలు చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క ముక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పట్టుకుంటుంది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై బతికే పురుగు నుంచి వచ్చేదే ఈ లక్క. జపాన్‌వారి ఉరుషి పూత వేరు. అది చెట్టు పాలు. పొర మీద పొర పూసి, మధ్యలో ముత్యపు చిప్ప ముక్కలు పొదుగుతారు.

రసాయన రంగులు వచ్చాక ఏటికొప్పాకలో చెట్ల రంగులు వెనకబడ్డాయి. ఆ ఊరి సి.వి.రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు చేసి, పనివారితో మళ్లీ వాడించారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది.

మన రాష్ట్రంలోనూ

చన్నపట్టణ బొమ్మలకూ ఇదే కర్ర, ఇదే లక్క. కన్నడంలో దీన్ని ఆలె మర అంటారు. బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కన రాశాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పిల్లలు ఆ పాఠాన్ని ఇట్టే పట్టుకున్నారు. 1997 వరకు మన రాయచూరు జిల్లాలోనే ఉన్న కొప్పళ ప్రాంతంలో కిన్నాళ బొమ్మలున్నాయి. వాటి పనిలో చింతగింజల జిగురు వాడతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. చెక్క బొమ్మ కదా అని నమ్మేయకుండా, ఏ రంగు వేశారో అడిగి కొనండి. చెట్ల రంగు వాడే పనివారికి మనలాంటి కొనుగోలుదారులే ఆధారం. అడిగేవారు లేకపోతే ఆ పని ఆగిపోతుంది, దానితోపాటు అంకుడు, లక్క అనే మాటలూ పిల్లల నోట వినిపించవు. మన బడి భాషకూ అదే వర్తిస్తుంది.