ధాన్యపు కొట్టు కాదు, దేవుడే మన ఆధారము



వార్డులో మంచం పక్కన కూర్చున్నవారి నోట మేము తరచుగా రెండు మాటలు వింటాము. "ఎంతైనా కానీ సిస్టరమ్మా, బతికించండి" అనేది ఒకటి. "చేతిలో పైసా లేదమ్మా, మాకింక దిక్కెవరు?" అనేది రెండవది. ఒకరికి డబ్బు ఉంది, ఒకరికి లేదు. అయినా ఇద్దరూ డబ్బు వైపే చూస్తున్నారు. దేవుని యందు నమ్మిక ఉంచుట ఇద్దరూ నేర్చుకోవలసిన పాఠమే.

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుని కథ మనకు తెలుసు. పంట బాగా పండటం అతని తప్పు కాదు. కొట్లు నిండాయి కాబట్టి ప్రాణానికి భయం లేదనుకోవడమే అతని తప్పు. ఆ రాత్రే అతని ప్రాణం పోయింది.

మన సీమవారికి కరువు కొత్త కాదు. పెద్దలు ధాత కరువు అని చెప్పేది 1876-78 నాటి కరువు. ఆనాడు బాగా దెబ్బతిన్న జిల్లాలలో మన కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. అదే కరువు ఒంగోలు ప్రాంతాన్నీ పట్టుకొంది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చారు. పని దగ్గరే వాక్యము విన్న చాలామంది బాప్తిస్మము అడిగారు. గింజల కోసం వస్తున్నారేమోనని ఆయన సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వనీయలేదు.

కరువు సాయం ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి కూడా వారు మళ్ళీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర, వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో ఎక్కువమంది ఆస్తిపాస్తులు లేని మాదిగ కుటుంబాలవారు.

దొరగారు ప్రార్థన చేసి ఊరుకోలేదు, పని కల్పించారు. అయితే ఆ కూలిని విశ్వాసానికి పునాది కానివ్వలేదు. డబ్బు పనిముట్టు మాత్రమే, ప్రభువు వేరు.

దీనిని మన ఆరోగ్యానికి ఇలా అన్వయించుకోవచ్చును:

1. మందులు మానడం విశ్వాసము కాదు. కానుక ఇస్తే చాలు, మాత్రలు అక్కరలేదని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఇన్సులిన్ ఉన్నట్టుండి ఆపితే షుగరు పెరిగి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ప్రార్థించండి, మాత్రా వేసుకోండి.

2. డబ్బు లేదని రోగాన్ని దాచవద్దు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు పరీక్షలు, మాత్రలు ఉచితము. కాలి పుండును కూతురి పెళ్ళి అయ్యేదాకా ఓర్చుకొని, చివరికి కాలు పోగొట్టుకొన్న తల్లులను మేము చూశాము. మొదట్లోనే వచ్చి ఉంటే కట్టు కట్టడంతో పోయేది.

3. కలిగినవారు డబ్బుతో ఆరోగ్యం కొనవచ్చనుకోవద్దు. అక్కరలేని సెలైను ఎక్కించమని అడగవద్దు. ఆ ఖర్చుతో పక్క మంచంలోని పేదకు ఒక నెల మందులు వస్తాయి.

మా తప్పు కూడా ఒప్పుకొంటున్నాము. మెడలో గొలుసు ఉన్నవారికి ముందు కుర్చీ వేసి, చిరిగిన పంచెవారిని నిలబెట్టిన రోజులు మాకూ ఉన్నాయి. ప్రభువు మమ్మును క్షమించును గాక. ఆయన ఎదుట ఇద్దరి నాడి ఒకటే.

ఈ రాత్రి మీ ఇంట కుటుంబ ప్రార్థనలో ఒక్క ప్రశ్న వేసుకోండి: మా భయమంతా దేనిని పోగొట్టుకొంటామని? జవాబు ఏదైనా దానిని ప్రభువు చేతికి అప్పగించండి. తెల్లవారగానే, వాయిదా వేస్తూ వచ్చిన ఆ పరీక్షకు రండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్