అయిదు చుక్కల వెనక ముప్ఫై ఏళ్లు

మా పెద్దాడికి తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. "పళ్లొస్తున్నాయేమోలే, ఈ పూటకి పాలు మాన్పించు" అన్నారు మా అత్తగారు. సాయంత్రానికల్లా కళ్లు లోతుకు పోయాయి, ఏడిస్తే కన్నీరు రావడం లేదు. పరుగున ఆస్పత్రికి వెళితే, సెలైన్ ఎక్కిస్తూ డాక్టరుగారు 'రోటావైరస్' అన్నారు. అది 2012. ప్రైవేటులో టీకా ఉన్నా, ఖరీదని వాయిదా వేశాం. ఆ రాత్రి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో!

ఆ ఖరీదు బాధ తల్లులకు లేకుండా చేయాలని పనిచేసినవారిలో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ ముఖ్యులు. 1947లో కాశ్మీరులో పుట్టారు. చండీగఢ్‌లో పిల్లల వైద్యం చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో చేరారు. 1985-86 ప్రాంతంలో అక్కడ పుట్టిన కొందరు పసికందుల్లో రోటావైరస్ కనిపించింది. చిత్రమేమిటంటే వాళ్లకు విరేచనాలే లేవు! 'బాగానే ఉన్నారు కదా' అని వదిలేయలేదాయన. గమనిస్తూ వస్తే, వాళ్లకు తర్వాత కూడా ఆ జబ్బు తీవ్రంగా రాలేదని తేలింది. హాని చేయకుండా కాపలా కాసే ఆ వైరస్సే '116ఇ'. టీకాకు అదే విత్తనం.

విత్తనం మొక్క కావడానికి ఏళ్లు పట్టింది. విదేశీ శాస్త్రవేత్తలు చేయి కలిపారు. తయారీ మన హైదరాబాదు భారత్ బయోటెక్ చేపట్టింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో సుమారు 6,800 మంది శిశువులపై పరీక్షించి, 2015లో 'రోటావాక్' విడుదల చేశారు. 2016లో ప్రభుత్వం ఉచితంగా వేయడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

2017లో మా పాప పుట్టింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఏఎన్ఎం అమ్మాయి నోట్లో అయిదేసి చుక్కలు వేసింది. పైసా ఖర్చు లేదు.

అయితే ఈ చుక్కలు నూటికి నూరుపాళ్లు అడ్డుకోవు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ జబ్బును సగానికి పైగా తగ్గిస్తాయని పరీక్షల్లో తేలింది. పైగా విరేచనాలకు వేరే కారణాలూ ఉంటాయి. కనుక బిడ్డకు తల్లిపాలు ఆపకండి. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినన్ని నీళ్లే కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. జింకు మాత్రల గురించి డాక్టరుని అడగండి. జింకు మీద కూడా భాన్ పనిచేశారు. బిడ్డ మగతగా ఉన్నా, ఒంటేలు తగ్గినా ఇంట్లో కూర్చోవద్దు.

2020 జనవరి 26న ఆయన కన్నుమూశారు. మా అత్తగారికి ఆ పేరు తెలియదు. కానీ వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా, "చుక్కలు వేయించావుటమ్మా?" అని మొదట అడిగేది ఆవిడే.